ఓడ్నీ పేరున కాఫీ

పేపర్లో ఆ ఒక్క వాక్యం చదివిన దగ్గర్నుంచి వాల్బోర్గ్‌కి ఒళ్ళు మండిపోతోంది.

ఓడ్నీ పోయిందన్నది ఆమెకి కొత్త సంగతి కాదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నది తనే, ఎండిన పెదవులు తడిపింది తనే. ఏడవాల్సిన ఏడుపు అక్కడే ఏడ్చేసింది. ఇప్పుడు పేపర్లో ఓడ్నీ పేరు, కూతురు మారిట్ పేరు, మనవల పేర్లు ఒద్దికగా వేశారు. చర్చిలో ప్రార్థన శుక్రవారం అన్నారు. అంతా బాగానే ఉంది. చివర్న మాత్రం ఒక ముక్క తగిలించారు: కార్యక్రమం సమాధి దగ్గరే ముగుస్తుంది.

అంటే కాఫీ లేదన్నమాట. మనిషిని మట్టిలో పెట్టి, చేతులు దులుపుకుని, ఎవరి కారెక్కి వాళ్ళు పోవడమే. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ, ఈ ఫియోర్డ్ ఒడ్డున ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా? ఎంత లేనివాళ్ళైనా, ఎంత పిసినారులైనా, తమ మనిషి పోతే ప్రార్థన మందిరంలో బల్లలు వేయించి, రొట్టె మీద సాల్మన్ చేప ముక్క పెట్టి, మీగడ కేకు కోసి, ఊరందరికీ కాఫీ పోస్తారు. తింటూ తింటూ ఒకరు లేచి, చెంచాతో కప్పు మీద టింగుమనిపించి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెబుతారు. పాతిపెట్టడం పాస్టరమ్మ పని. సాగనంపడం మాత్రం ఆ కాఫీ దగ్గరే జరుగుతుంది.

"కన్నతల్లికి కప్పు కాఫీ పోయించడానికి చేతులు రాలేదు దానికి" అంది వాల్బోర్గ్, పేపరు మడిచి బల్ల మీద కొడుతూ. వినడానికి వంటింట్లో ఎవరూ లేరు. ఆమెకి అలా మాట్లాడటం అలవాటే.

మారిట్ పట్నంలో ఉంటుంది. పట్నంలో మూడు దశాబ్దాలు కాపురం చేసినవాళ్ళకి ఊరివాళ్ళకి కేకు కోసి పెట్టడం బరువే మరి. చిన్నప్పుడు ఇదే బల్ల దగ్గర కూర్చుని, లెఫ్సె రొట్టె మీద వెన్నా చక్కెరా పూయించుకుని, చుట్ట చుట్టించుకుని తిన్న పిల్ల. తిన్నది గుర్తుంటుంది, పెట్టాల్సి వస్తే మాత్రం మతిమరుపు వస్తుంది. వాల్బోర్గ్ ఆ పూటంతా ఇలాగే దాన్ని ఉతికి ఆరేసింది.

నిజానికి ఆమె కోపమంతా కాఫీ గురించి కాదు. ఆ కాఫీ దగ్గర లేచి నిలబడాల్సింది తను. ఊళ్ళో ఎవరు పోయినా మొదటగానో ఆఖరుగానో కప్పు మోగించేది వాల్బోర్గే. అందరూ చెప్పే ఊకదంపుడు మాటలు ఆమె చెప్పదు. మంచివాడు, కష్టజీవి, వడ్రంగం బాగా వచ్చు అని పాడే పాట ఆమెకి గిట్టదు. ఆమె సాక్ష్యం చెబుతుంది. ఆ మనిషి ఏ గోతిలో పడ్డాడో, ప్రభువు ఏ చేత్తో పైకి లాగాడో చెబుతుంది. గొయ్యి ఎంత లోతో చెప్పకపోతే లాగినవాడి బలం ఎలా తెలుస్తుందని ఆమె వాదన. ఆమె మాట్లాడుతుంటే గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. కళ్ళు దించుకుని, కప్పులు కదపకుండా వింటారు.

ఇక ఓడ్నీ గురించి ఆమె దగ్గర ఎవరి దగ్గరా లేని సాక్ష్యం ఉంది.

భర్త లౌరిట్స్ పోయిన దగ్గర్నుంచి ఓడ్నీ ప్రతి గురువారం వాల్బోర్గ్ ఇంటికే భోజనానికి వచ్చేది. గురువారమంటే బంగాళాదుంప ఉండలు, పక్కన ఉప్పులో ఊరిన గొర్రె మాంసం, పైన కరిగిన పంది కొవ్వు. ఇద్దరూ తిని, కుర్చీల్లో వెనక్కి వాలి, ఊళ్ళో అందరి సంగతులూ నంజుకునేవాళ్ళు. క్రిందటి చలికాలం అలాంటి ఒక గురువారం ఓడ్నీ పళ్ళెం పక్కకి నెట్టి, కిటికీ వైపు చూస్తూ అంది: "ఏమే, నేను ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ ఉన్నట్టు అనిపించడం లేదే. చాలా ఏళ్ళైంది. అలవాటు కొద్దీ చేస్తున్నాను."

మందిరంలో స్త్రీల సమాజానికి అంతకాలం పెద్దగా ఉన్న మనిషి నోట్లోంచి వచ్చిన మాట అది. వాల్బోర్గ్ నిలువునా నీరైపోయింది. ఆ రోజు నుంచి ఓడ్నీ కోసం మోకాళ్ళు అరిగేలా ప్రార్థించింది. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం తను కీర్తన పాడుతుంటే ఓడ్నీ పెదవులు కదిలాయి. కదిలాయనే ఆమె నమ్మకం. తప్పిపోయిన గొర్రె ఇల్లు చేరిందని పదిమందిలో చెప్పాలని ఆమె అక్కడే అనుకుంది. మాటలన్నీ కూర్చి పెట్టుకుంది. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి సమాధి దగ్గరే ముగుస్తుందంటుందా?

ముగియనివ్వనని తీర్మానించుకుంది వాల్బోర్గ్.

మందిరం తాళం సమాజం వాళ్ళ దగ్గరే ఉంటుంది. తోడుగా యోరున్‌ని పిలిచింది. యోరున్ వాల్బోర్గ్ కంటే చిన్నది, ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషి. ఇంట్లోవాళ్ళు వద్దన్నాక మనం పెట్టడం బాగుంటుందా అక్కా అని ఒకసారి నసిగింది గానీ, వాల్బోర్గ్ చూసిన చూపుకి మిగతా మాట మింగేసి పిండి జల్లించింది. ఇద్దరూ కలిసి కేకులు కాల్చారు, మీగడ గిలక్కొట్టారు, క్లౌడ్‌బెర్రీ జామ్ సీసాలు విప్పారు. గొర్రెలు కొండ దిగి వచ్చేసిన రోజులు. ప్రతి ఇంట్లో మాంసం కోతలూ ఉప్పు పెట్టడాలూ నడుస్తున్నాయి. అయినా యోరున్ నలుగురి చెవినా వేసేసరికి సగం ఊరు కాఫీకి వస్తానంది.

శుక్రవారం చర్చిలో వాల్బోర్గ్ మూడో వరసలో కూర్చుని మారిట్ వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. పాస్టరమ్మ ఏం చెప్పిందో సగం ఎక్కలేదు. బయట సన్నటి వాన. పెట్టెను దించారు, మట్టి వేశారు, కీర్తన పాడారు. జనం వరసగా వచ్చి మారిట్ చెయ్యి పట్టుకుని కదులుతున్నారు. వాల్బోర్గ్ వంతు వచ్చింది. ఓదార్పు మాట అనాల్సిన చోట ఆమె ఈ మాట అంది:

"మీ అమ్మకి నువ్వు పోయని కాఫీ నేను పోస్తున్నాను. మందిరంలో బల్లలు వేసి ఉన్నాయి. రావాలనిపిస్తే రా."

మారిట్ ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమె చుట్టూ చూసి, వాల్బోర్గ్ మోచెయ్యి పట్టుకుని, గోడవారగా పక్కకి తీసుకెళ్ళింది.

"వద్దన్నది నేను కాదు పిన్నీ. అమ్మ వద్దంది."

"మీ అమ్మ అలా అనదు."

"అంది. మూడుసార్లు అంది. కాఫీ పెడితే వాల్బోర్గ్ లేస్తుంది, వద్దే అంది."

వాల్బోర్గ్‌కి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చినట్టైంది. తను లేస్తే ఏమిటట? లౌరిట్స్ పోయినప్పుడు లేవలేదా? అంత గొప్పగా ఇంకెవరైనా చెప్పగలిగారా? గదిలో తడవని కన్ను లేదు ఆ రోజు. అదే అంది మారిట్‌తో.

"అవును, ఏడ్చాం" అంది మారిట్. ఆమె గొంతు పెద్దది చేయలేదు. "నాన్న తాగొచ్చి మమ్మల్ని తరిమితే అమ్మ చెప్పుల్లేకుండా మంచులో నీ ఇంటికి పరిగెత్తిందని చెప్పావు. నేను భయానికి బట్టల్లోనే పోసుకున్నానని కూడా చెప్పావు. మా అత్తమామలు అక్కడే ఉన్నారు. నా పిల్లలు ఉన్నారు. వాళ్ళకి తాతంటే పడవలో చేపలు పట్టడం నేర్పినవాడు, అంతే. ఆ పూటతో అది పోయింది."

"ఆ తర్వాత ఆయన మారాడని చెప్పాను కదే. రక్షణ పొందాడని చెప్పాను. ప్రభువు చేసిన మేలు దాచిపెడతామా?"

"ఆ మేలు ఎవరికీ వినపడలేదు పిన్నీ."

లౌరిట్స్ కాఫీ అయిన మరుసటి గురువారమే ఓడ్నీ వచ్చింది. ఆ తర్వాతి గురువారమూ వచ్చింది. ఏళ్ళ తరబడి వచ్చింది, ఉండలు తింది, కొవ్వు ఇంకాస్త వెయ్యవే అంది. ఒక్క ముక్క అనలేదు. ముఖం మాడ్చుకోలేదు. ఇదేం స్నేహం? తిట్టాల్సిన చోట తిట్టని మనిషి స్నేహితురాలు ఎలా అవుతుంది?

"నాతో ఒక్కమాట అని ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని కదా" అంది.

"మూసుకునేదానివా?"

వాల్బోర్గ్ గొడుగు మరో చేతిలోకి మార్చుకుంది.

"అమ్మకి నీ మీద కోపమేం లేదు" అంది మారిట్. "భయం. నీకేదో చెప్పిందట. ఏమిటో నాకు చెప్పలేదు. అది ఊరందరి ముందూ పడుతుందని ఆఖరి వారమంతా నిద్రపోలేదు."

మారిట్ అక్కడితో ఆగి, పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. వాల్బోర్గ్ గోడ దగ్గరే నిలబడిపోయింది. ఆఖరి వారమంతా ఆ మంచం పక్కన కూర్చున్నది తనే. ఓడ్నీ కళ్ళు తెరిచి తన వైపే చూస్తుంటే, తన తోడు కోరుకుంటోందనుకుంది. ఆ చూపు తన నోటికి కాపలా కాస్తోందని ఇప్పుడు తెలిసింది. ఆమెకి మండిపోయింది. కొత్తగా కప్పిన ఆ మట్టి దగ్గరికి పోయి, లేవవే, నా ముఖాన అనవే అని అరవాలనిపించింది.

కానీ జనం అప్పటికే మందిరం వైపు నడుస్తున్నారు. ఆకలి మీద ఉన్నవాళ్ళని ఎవరు ఆపగలరు?

మందిరంలో కాఫీ వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన కలిసిపోయాయి. యోరున్ పరుగులు పెడుతూ పోస్తోంది. రొట్టెలు ఖాళీ అవుతున్నాయి. కేకు దగ్గరికి వచ్చేసరికి వాల్బోర్గ్ కత్తి తీసుకుని కోయబోయింది. కత్తి అంచు పళ్ళానికి తగిలి టింగుమంది.

గది మొత్తం ఆగిపోయింది.

నోట్లోకి పోతున్న చెంచా నోటి దగ్గరే ఆగింది. అందరూ తలలు దించుకున్నారు. కిటికీ దగ్గర కూర్చున్న ముసలి సివెర్ట్ కప్పు కింద పెట్టి తలుపు వైపు చూశాడు. ఆయన భార్య పోయినప్పుడు, పెళ్ళికి ముందు ఆమె మనసు వేరొకరి మీద ఉండేదనీ, దేవుడే దాన్ని సివెర్ట్ వైపు తిప్పాడనీ వాల్బోర్గ్ ఇదే గదిలో చెప్పింది. ఆయన రెండు చేతులూ తొడల మీద బిగించి కూర్చున్నాడు, పన్ను పీకించుకోబోయే మనిషిలాగా.

ఈ నిశ్శబ్దాన్నే ఆమె ఇన్నేళ్ళూ గౌరవమనుకుంది.

కూర్చి పెట్టుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చి ఉన్నాయి. తప్పిపోయిన గొర్రె, కీర్తన, కదిలిన పెదవులు. ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు. ఎప్పటికంటే బాగా చెబుతుంది కూడా. ఆమెకి వీళ్ళందరి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఇంతమందిలో ఒక్కడికైనా నోరు లేదా? ఇన్ని అంత్యక్రియల్లో తన కేకు తిని, తన మాటలు భరించి, ఒక్కరైనా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టలేదే.

"తినండి" అంది గట్టిగా. "మీగడ కారిపోతోంది."

ఆమె కేకు కోసి పంచింది. చాలాసేపు ఎవరూ నమ్మలేదు. ఆమె కుర్చీలో కూర్చుని, తన ముక్క తను తినడం చూశాక మెల్లగా మాటలు మొదలయ్యాయి. వాన గురించి, గొర్రెల ధర గురించి. ఎవరో నవ్వారు కూడా. ఓడ్నీ గురించి ఎవరూ లేవలేదు. లేచి మాట్లాడేది వాల్బోర్గ్ ఒక్కతే కాబట్టి మిగతావాళ్ళకి ఎప్పుడో ఆ అలవాటు పోయింది.

అందరూ వెళ్ళాక ఆమె గిన్నెలు కడుగుతుంటే తలుపు చప్పుడైంది. మారిట్. కోటు విప్పలేదు. గడపలోనే నిలబడి, నువ్వు లేచి మాట్లాడలేదట కదా, యోరున్ చెప్పింది అంది. వాల్బోర్గ్ వెనక్కి తిరగలేదు. కేకు ఒక ముక్క మిగిలింది, తీసుకుపో అంది.

మారిట్ ముక్క తీసుకోలేదు. దగ్గరికి వచ్చి, తుడుపుగుడ్డ అందుకుని, తడి కప్పు ఒకటి తుడుస్తూ అడిగింది.

"అమ్మ నీకు చెప్పిందేమిటి పిన్నీ? నాకు చెప్పవూ? నాకొక్కదానికే."

అడగడం న్యాయమే. కన్న కూతురు. ఓడ్నీ మనసులో ఏముందో తెలిసిన మనిషి ఈ లోకంలో ఇప్పుడు తనొక్కతే. ఆ ఒక్క మాట చెప్పేస్తే, అందరికంటే దగ్గరిది తనేనని ఇప్పుడైనా నిరూపించుకోవచ్చు. వాల్బోర్గ్ పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదు. అది చెప్పుకుని తిరిగిన మనిషి.

"ఏం చెప్పలేదు" అంది, సబ్బు నీళ్ళలో చేతులు పెట్టుకుని. "మేం అంత దగ్గరవాళ్ళం కాదే. గురువారం గురువారం వచ్చేది, తినేది, పోయేది."

మారిట్ ఇంకో కప్పు అందుకుంది. వాల్బోర్గ్ పళ్ళెం మీద పళ్ళెం కడుగుతూనే ఉంది. తన చేత ఇంత మాట అనిపించినందుకు ఓడ్నీని జన్మలో క్షమించకూడదనుకుంది.