అత్తయ్య పగడాలు

తణుకులో రాగి, ఇత్తడి సామాన్లు అమ్ముకునే ఇంటికి కోడలిగా వస్తూ శ్రీదివ్య తెచ్చుకున్నవాటిలో అందరినీ హడలగొట్టింది ఒక గాజుతొట్టి. మామూలు చేపల తొట్టి అయితే ఎవరూ ఏమీ అనుకోకపోదురు. ఇందులో ఉప్పునీళ్లు, సముద్రపు రాళ్లు, ఆ రాళ్లకు అంటుకుని బతికే పగడాలు, వాటికి తోడు నాలుగు చేపలూ నత్తలూ ఉన్నాయి. విశాఖపట్నంలో సముద్రజీవుల గురించి చదువుకున్న పిల్ల, వరిచేల మధ్య ఊరికి కాపురానికొస్తూ కాస్త సముద్రాన్ని వెంటబెట్టుకొచ్చిందన్నమాట.

హాల్లో సోఫా ఉండాల్సిన చోట ఆ తొట్టి కూర్చుంది. దానికి నీలం లైట్లు, నీళ్లు చల్లబరచడానికో మిషను, అలలు పుట్టించడానికో పంపు. కరెంటు పోతే మనుషులు విసనకర్రతో విసురుకోవచ్చు గానీ తొట్టికి మాత్రం ఇన్వర్టరు ఉండి తీరాలి. అత్తగారు జగదాంబ చాలాకాలం దాన్ని 'ఆ ఉప్పుతొట్టి' అనే అనేది. చుట్టాలొస్తే దానికి అడ్డంగా నిలబడి మరీ మాట్లాడేది.

తర్వాత మామగారు జోగేశ్వరరావు పోయారు. జగదాంబ కొట్టు వైపు చూడ్డం మానేసింది. వంటింట్లోకి వెళ్లడం మానేసింది. గోడకు జారగిలబడి కూర్చుంటే ఇక కూర్చున్నట్టే. కొడుకు ఉదయ్‌భాస్కర్ కోరుకొండ గుడికి తీసుకెళ్తానన్నా కదల్లేదు. ఏం చేయాలో తోచక శ్రీదివ్య ఒకరోజు ఆవిడకో పని అప్పజెప్పింది. తొట్టిలో నీళ్లు రోజూ కొంచెం ఆవిరైపోతాయి. తగ్గిన మేరకు మంచినీళ్లు పోస్తూ ఉండాలి. తనేమో నిడదవోలు కాలేజీలో పాఠాలు చెప్పడానికి పొద్దున్నే రైలెక్కాలి.

"పంపునీళ్లు మాత్రం వద్దత్తయ్యా, మందు కలుపుతారు. ఈ క్యాన్‌లో ఆర్వో నీళ్లే పోయండి. ఇదిగో, ఈ గీత దాకా. ఇంకేమీ వెయ్యకూడదు" అని చెప్పింది.

"అంతేగా" అంది జగదాంబ.

మనిషిని మళ్లీ మనుషుల్లో పడేయడానికి ఏ పని పనికొస్తుందో చెప్పలేం. జగదాంబ తెల్లారకుండానే లేచి తలస్నానం చేయడం మొదలుపెట్టింది. తొట్టి ముందు కుర్చీ వేసుకుంది. పచ్చటి బొత్తాలు గుత్తిగా అతికించినట్టుండే పగడానికి బొత్తాలమ్మ అని పేరు పెట్టింది. చుట్టాలొస్తే ఇప్పుడు అడ్డం నిలబడడం లేదు, చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపిస్తోంది.

"పగడమంటే ఉంగరంలో రాయే అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ. ప్రాణముంటుందా దీనికి?" అని కోడల్ని అడిగింది. బొత్తాలమ్మ వంక చూస్తూ, "మీ మావయ్యగారితో నా మెడలో పగడాలు పోయాయి. దేవుడు ఇవిచ్చాడు" అంది. నవ్వుతూనే అంది. శ్రీదివ్యకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎండలు ముదిరే వేళకి తొట్టిలో నత్తలు గాజు మీంచి జారి ఇసకలో పడిపోవడం మొదలైంది. ఆ తర్వాత పగడాలు ముడుచుకోసాగాయి. పొద్దున లైటు వేయగానే విచ్చుకోవలసినవి సాయంత్రానికి కూడా విచ్చుకోవడం లేదు. అంచుల్లో రంగు పోయి లోపలి తెల్లటి ఎముకలాంటి గుల్ల బయటపడుతోంది. శ్రీదివ్య ఉప్పు చూసింది, వేడి చూసింది, కాల్షియం చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. లైటు తగ్గించింది. నీళ్లు మార్చింది. కాలేజీలో పాఠం చెబుతోందన్న మాటేగానీ మనసంతా హాల్లోనే. కంటికి రెప్పలా పెంచినవి కళ్లెదుటే పోతుంటే, ఎందుకు పోతున్నాయో తెలియకపోవడం అన్నిటికన్నా నరకం.

ఆ పగడాలు అమ్మిన హైదరాబాద్ షాపు అశోక్‌కి ఫోన్ చేసింది.

"చేపలెలా ఉన్నాయి మేడమ్?" అని అడిగాడు అతను.

"చేపలు దివ్యంగా ఉన్నాయండీ."

"అయితే నీళ్లలో రాగి ఉందేమో చూడండి. చేపలు తట్టుకుంటాయిగానీ నత్తలూ పగడాలూ అస్సలు తట్టుకోలేవు."

"రాగెక్కడిదండీ? పైపులూ క్యాన్లూ అన్నీ ప్లాస్టిక్కే" అని కొట్టిపారేసింది శ్రీదివ్య. అయినా పరీక్ష కిట్ తెప్పించింది. మందు చుక్కలు వేయగానే నీళ్లు రంగు తిరిగాయి, రాగి ఉన్నమాట నిజమే. పంపు ఊడదీసింది. వైర్లన్నీ తడిమి చూసింది. రాగి సామాన్ల ఇంట్లో కూర్చుని రాగి ఎక్కడిదా అని రాళ్లసందుల్లో వెతుకుతోంది పాపం!

రెండో శనివారం కాలేజీ లేదు. మామూలు సెలవురోజుల కంటే ముందే శ్రీదివ్య నిద్ర లేచి హాల్లోకి వచ్చేసరికి జగదాంబ తొట్టి దగ్గరుంది. చేతిలో చింతపండుతో తళతళా తోమిన రాగిచెంబు. అందులోంచి నీళ్లు సన్నటి ధారగా, చేపలు బెదరకుండా పోస్తోంది. పక్కన మూత పెట్టిన రాగిబిందె.

"అత్తయ్యా, ఏంటది?"

"నువ్వు చెప్పిన క్యాను నీళ్లేనమ్మా. వేరే చుక్క కలపలేదు. ప్రాణమున్నవాటికి ప్లాస్టిక్ డబ్బాలోంచి వంపడానికి చేతులు రాక, ముందురోజే బిందెలో పోసి ఉంచుతున్నాను. మొదట్నించీ అంతే. చూడు, నీళ్లెంత తేటగా ఉన్నాయో!"

శ్రీదివ్యకు అరవాలనిపించింది. ఎవరి మీద అరుస్తుంది? చెప్పిన ప్రతి మాటా పాటించింది ఆవిడ. పైన చేర్చినది ప్రేమే. మూడు తరాలుగా ఆ ఇల్లు బతికింది రాగి మీద. పసిపిల్లకి జలుబు చేసినా, పెద్దవాళ్లకి అరక్కపోయినా అక్కడ మొదటి మందు రాగిచెంబులో నీళ్లే. ఈమధ్య ఊరంతా రాగి సీసాలు కొనుక్కుని మరీ తాగుతోంది కూడాను.

అశోక్‌కి మళ్లీ ఫోన్ చేస్తే మెల్లగా చెప్పాడు. "రాళ్లూ ఇసకా రాగిని పీల్చేసుకుని ఉంటాయి మేడమ్. ఆ తొట్టిలో ఇక పగడం బతకడం కష్టం. ఇంకా విచ్చుకుంటున్నదేదైనా ఉంటే కొత్త నీళ్లలోకి మార్చండి. బతికితే అదే బతకాలి."

విచ్చుకుంటున్నది బొత్తాలమ్మ ఒక్కతే. శ్రీదివ్య గదిలో చిన్న గాజుతొట్టి పెట్టి కొత్తగా ఉప్పునీళ్లు కలిపింది. అవి కుదురుకున్నాక మార్చాలి. ఈలోగా అత్తయ్య మనసు నొప్పించకుండా బిందెను ఆపాలి.

"రేపట్నించీ నీళ్లు నేనే పోస్తాలెండి అత్తయ్యా. మీకెందుకు శ్రమ!"

జగదాంబ తన అరచేతి వంక చూసుకుంది.

"నాకు తెలుసమ్మా. నువ్వెప్పుడంటావా అనే చూస్తున్నాను. నేను పోయడం మొదలుపెట్టినప్పట్నించే చస్తున్నాయవి. మీ మావయ్యగారికి ఆఖరున తులసితీర్థం పోసిందీ ఈ చేత్తోనే. నా చెయ్యే అలాంటిది."

"అయ్యో, చెయ్యి కాదత్తయ్యా!" ఇక దాచలేకపోయింది శ్రీదివ్య. "రాగండీ. రాగి దిగిన నీళ్లు పగడాలకి పడవు. మీకు తెలియదు, నాకు చెప్పాలని తోచలేదు. అంతే జరిగింది."

జగదాంబ కోడలి వంక జాలిగా చూసింది.

"రాగి ఎవరికైనా చెడు చేస్తుందా, పిచ్చిపిల్లా? నన్ను ఓదార్చడానికి రాగి మీద నింద వెయ్యకు."

ఉదయ్‌భాస్కర్ చెప్పి చూశాడు. శ్రీదివ్య పరీక్ష గొట్టం తెచ్చి రంగు చూపించింది. "మీరు మంచి పిల్లలు" అంది జగదాంబ, ఇద్దరి తలలూ నిమిరి. కుర్చీ తీసేసింది. మళ్లీ గోడకు జారగిలబడింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొత్త నీళ్లు కుదురుకున్నాయి. శ్రీదివ్య బొత్తాలమ్మ ఉన్న రాయిని తీయబోయి చెయ్యి ఆపింది. ఇప్పుడిది తన గదిలోని తొట్టిలో విచ్చుకుందంటే? కోడలి చెయ్యి పడితే బతికిందనే అనుకుంటుంది ఆవిడ. ఇక ఏ దేవుడు దిగివచ్చి చెప్పినా వినదు. పోనీ రహస్యంగా పెంచుదామంటే, అత్తగారికి తెలియని మూల ఆ ఇంట్లో ఎక్కడుంది?

శ్రీదివ్య రాయిని ఉన్నచోటే వదిలేసింది. ఎటు తిరిగినా దారి లేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి రాగిబిందెలోంచి చెంబు నింపుకొచ్చింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి. ఇవాళ్టినించీ నేను పోస్తాను, మీరు చూస్తూ ఉండండి."

ఆవిడ కళ్లెదుటే, ఆవిడ బిందెలో నీళ్లు, ఆవిడ పోసినట్టే సన్నటి ధారగా పోసింది. రోజూ పోసింది. చేసేది ఏమిటో తెలిసి పోయడం ఎంత కష్టమో ఆ చేతికే తెలుసు. బొత్తాలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. చివరికి పచ్చదనమంతా పోయి, రాయి మీద జిగురు మిగిలింది.

"చూశారా అత్తయ్యా, నా చేత్తో పోసినా ఇంతే" అంది శ్రీదివ్య.

జగదాంబ ఆ రాయి వంక చూసింది. కోడలి వంక చూసింది. గబగబా వచ్చి, కోడలి తడిచేతిని తన కొంగుతో తుడిచింది.

"ఛ, నీ చెయ్యికేమమ్మా, బంగారం! కొన్ని మనకి దక్కవు, అంతే. మనసులో పెట్టుకోకు" అని దగ్గరికి తీసుకుంది.

శ్రీదివ్య ఆవిడ భుజం మీద తల పెట్టి, ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చింది. కోడల్ని ఎలా ఊరుకోబెట్టాలో తెలియక జగదాంబ ఆ చేతిని నిమురుతూనే ఉంది.