రక్తం రాని దెబ్బ

"పాలు పొంగి పొయ్యి ఆరిపోతాంటే ఎదురుగానే కూచోని ఏం జూస్తాండావే?" అని తల్లి చిన్నసుబ్బమ్మ అరిచాక గానీ నాగులమ్మకు తాను పొయ్యి ముందున్న సంగతి గుర్తు రాలేదు. మసిగుడ్డ కోసం లేచింది. గూట్లో చెయ్యి పెట్టాక దేనికి లేచిందో మరిచిపోయింది.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే నాగులమ్మ కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడిన పిల్ల. కూతకు వెళ్లిందంటే ఒట్టి చేతులతో తిరిగొచ్చేది కాదు. ఎన్నికల ముందు జమ్మలమడుగులో తండ్రి తిరిగే పార్టీవాళ్లు పెట్టిన పోటీల్లో, ఫైనల్ ఆటలో, అవతలి పిల్లలు పట్టి ఎత్తేస్తే తల వెనకభాగం నేలకు కొట్టుకుంది. లేచేసరికి గీతలు రెండేసిగా కనిపించాయి. వాంతయింది. అవతలి జట్టుది ఎదుటి పార్టీ ఊరు. తండ్రి వీరన్న పరుగున వచ్చి, "నాయకుడు జూస్తాండాడు. ఇప్పుడు కూచుంటే మనకు తలెత్తుకునే దారుండదు. దిగు" అన్నాడు. దిగింది. గెలిచారు. పూలదండ తండ్రి మెడలో పడింది.

ఎండాకాలం పోయి వానలొచ్చినా తల బరువు దిగలేదు. వెలుతురు కళ్లలో గుచ్చుతుంది. పేజీ చివరికొచ్చేసరికి మొదలు మాయమవుతుంది. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికైనా పోవాలని, పోతే ఎందుకొచ్చానా అని. గొర్రెల దొడ్డి వెనక నిలబడి ఏడుస్తుంది, ఎందుకో తెలియదు. "పనికి వంక" అన్నాడు తండ్రి. పెళ్లిచూపులకొచ్చిన వేంపల్లె ఆమె, "శానా చురుకంటిరే, పేరడిగితే గూడా ఆలోచిస్తాందే!" అని నవ్వింది. నిరుడు పంచాయతీ ఎన్నికల కొట్లాటలో అన్న ఎర్రన్న తలకు రాయి తగిలింది. రక్తం కారింది గనుక నాయకుడి జీపు వచ్చింది, కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది. గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి నోటిదాకా అందించింది నాగులమ్మే. అన్న పేర్లు మరిచిపోతే "దెబ్బ తగిలిన తల గదా" అన్నారు. తను మరిచిపోతే "ఒళ్లు కొవ్వు" అంటున్నారు. తన దెబ్బ లోపలే ఉండిపోయింది, ఎవరికి చూపించాలి?

చూపించాలనే ఒక పొద్దున జట్టులోని హజరాబీని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ కళ్లలో లైటు వేసి చూసింది, ఏవో మాటలు చెప్పి మళ్లీ చెప్పమంది, నిద్ర గురించి, ఏడుపు గురించి అడిగింది.

"మెదడు అదిరిపోయింది తల్లీ. అప్పుడే ఆట ఆపి ఉండాల్సింది. ఈ మతిమరుపు, ఈ దిగులు అన్నీ ఆ దెబ్బవల్ల వచ్చినవే, నీ బుద్ధిలోవి కాదు. నిదానంగా తేరుకుంటావు. మందులిస్తా, మళ్లీ రావాలి. నేను సరే అనేదాకా ఆట మాత్రం వద్దు. ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది."

బయటికొచ్చాక హజరాబీ, "అంటే నీకు పిచ్చి లేదంటనే!" అంది. నాగులమ్మ బస్టాండులో అందరూ చూస్తుండగా ఏడ్చింది. ఈసారి ఎందుకేడుస్తోందో ఆమెకు తెలుసు.

ఇంటికి చేరేసరికి వాకిలి నిండా పార్టీవాళ్లు.

"వచ్చినావా!" అన్నాడు వీరన్న. "ఎన్నికల్లో మన పార్టీ గెలిచినందుకు పులివెందులలో ఆట పెడతాండాం. కెప్టెన్ నువ్వేనని మాటిచ్చినా. ముందు అందరికీ టీ పెట్టుపో."

"ఆడను నాయనా."

"ఏందీ?"

"ఆ పొద్దు నేను దిగకూడదంట, డాక్టరమ్మ చెప్పింది. నువ్వు దిగమంటివి, దిగితి. ఇంగ దిగను. టీ గూడా నావల్ల కాదు, పొగకు తల పగిలిపోతాంది."

"ఎవురి ముందర మాట్లాడతాండావో తెలుసునా?" అంటూ తండ్రి లేచాడు. ఆమె ఆగలేదు. లోపలి గదిలోకి పోయి చాపమీద వాలిపోయింది. తల్లి అడుగులు దగ్గరికొచ్చాయి. తిట్లకోసం ఎదురుచూస్తూ కళ్లు మూసుకుంది. చిన్నసుబ్బమ్మ కిటికీ మూసింది. బయటికి పోతూ తలుపు దగ్గరికి వేసింది. తర్వాత వాకిట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"మెల్లగా మాట్లాడండప్పా. పిల్లకు తలకు దెబ్బ తగిలింది."