సోడా గవర్రాజు కాలిలోని వాయువు

రోహిణీకార్తె ప్రచండభానుకిరణములచే గోదావరీసైకతములు పొగలు గ్రక్కుచుండ బాటసారులు పిడికెడు నీడకై గోడల నంటి నడచుచున్న యొక మధ్యాహ్నమున, నలువదియేండ్లుగా రాజమహేంద్రవరజనుల దప్పిక దీర్చిన గోలీసోడా గవర్రాజు తన యంగడికి దాళము వైచి వచ్చి వైద్యశాలాశీతలమందిరమున బల్లపై వెల్లకిల బరుండి వణకుచుండెను.

మధుమేహముచే నాతని మూత్రపిండములు క్షీణించెను. ఎడమకాలి బొటనవ్రేలు నల్లబడెను. రక్తనాళ మెచ్చట మూసికొనెనో కనుగొనినగాని కాలు దక్కదు. కనుగొనుటకు సామాన్యముగా నెక్కించు రంగుమందు నాతని మూత్రపిండములు సహింపవు. కావున వైద్యురాలగు నిందుమతి బొగ్గుపులుసువాయువును నాళములోనికి బంపి పటము దీయ నిశ్చయించెను. ఆ వాయువున్న సిలిండరును గాంచినంతనే గవర్రాజునకు మతి పోయినంత పనియయ్యెను. అది యాతని యంగడిమూలనున్నదానికి దోబుట్టువువలె నుండెను.

“ఏటండీ డాట్రుగారూ, ఇది మా సోడా గ్యాసు కదండీ! దీన్ని నా నెత్తుట్లోకి ఎక్కిత్తారా?”

“ఆ గ్యాసేనండీ, కాకపోతే వైద్యానికని శుద్ధి చేసింది. నెత్తుటిని కాసేపు పక్కకు నెట్టి నాళం దారి చూపిస్తుంది. ఆపైన కరిగిపోయి మీ ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. మీరు కదలకుండా ఊపిరి బిగబట్టండి చాలు.”

ఎఱుగనిదైనచో నాతడు నమ్మియుండును. ఎఱిగినదే యగుటచే వచ్చినది చిక్కంతయు. సోడాసీసాను యంత్రమున బిగించి గిరగిర ద్రిప్పక గ్యాసు నీట గలసిన దినము నాతడెఱుగడు. త్రిప్పుట చాలని సీసాయే పేలునని యాతని నమ్మకము. అందులకు సాక్ష్యముగా నాతని కుడిచేత మచ్చయు గలదు. ఇంతలో వాయువు ప్రవేశించెను. తొడనుండి పాదమువఱకు వెచ్చదన మొకటి ప్రాకెను. పాపము, గవర్రాజు కాలిని బట్టి గజగజ కుదిపెను.

తెరపై బటము చెదరిపోయెను.

“ఎందుకు కదిలారు?”

“తిప్పకపోతే కలవదు కదండీ! కాలు పేలిపోద్దేమోనని కూసింత కుదిపేనండి.”

ఇందుమతి నవ్వలేదు. దగ్గఱకు వచ్చి యాతని భుజముపై జేయి వైచెను. “మీ సీసాకి గోలీ అడ్డం గవర్రాజుగారూ. మీకు ముక్కుంది కదా!”

ఆ మాట సగ మర్థమయ్యెను, సగము గాలేదు. అయినను దన కాలిపై నాశచే నాతడు బల్లయంచులు రెండును గట్టిగా బట్టి ఱాయివలె బిగిసికొనెను. వాయువు మఱల బ్రవహించెను. తెరపై నాళము మోకాలివఱకు వచ్చి యాగెను. దానిక్రింద సన్నని దారి యొకటి పాదముదాక సాగియుండెను.

“మోకాలి దగ్గరే మూసుకుందండీ. కింద దారి బాగుంది. బెలూనుతో తెరుద్దాం. కాలు తియ్యక్కర్లేదు. ఇక ఊపిరి వదలండి.”

ఆమె యా కడపటిమాటను రెండుమాఱులు చెప్పవలసివచ్చెను. గవర్రాజు మెల్లగా నూపిరి విడిచి, ముక్కుకడ నఱచేయి యుంచి చూచికొనెను. నలువదియేండ్లు తాను సీసాలలో బంధించిన వాయువు నేడు గోలీ నొక్కువారు లేకయే వెడలిపోవుచుండెను. వెచ్చగా జేతికి దగిలినదానిలో నా గ్యాసెంతయో, కాలు దక్కిన వాని నిట్టూర్పెంతయో, యాతనికి దెలియలేదు.