పనిలోకి దించే గోలీ

పంజాగుట్ట సందులో డాక్టర్ కమలకుమారి గారి ఆసుపత్రి చిన్నదే. ఆ ఉదయం కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. అయినా బుగ్గమ్మ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. నర్సు ఫరీదా కూర్చోమని రెండుసార్లు చెప్పింది. తల ఊపిందే తప్ప బుగ్గమ్మ కూర్చోలేదు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఒకాయన, పల్లెటూరి మొహమాటం కాబోలనుకుని పేపరు తిరగేసుకున్నాడు.

మొహమాటమే అయితే ఎంత బాగుండేది. బుగ్గమ్మ ఇటుక బట్టీలో వెట్టి చేసి వచ్చిన మనిషి. ఎప్పుడో మామగారు బట్టీ సేటు దగ్గర చేసిన అప్పు సాకుతో మొగుడూ పెళ్లామూ ఇద్దరినీ అక్కడ కట్టిపడేశారు. బట్టీలో కూర్చున్న మనిషిని లేపడానికి మేస్త్రి నోరు వాడేవాడు కాదు. చివరికి అధికారులు వచ్చారు, విడిపించారు, పేపర్లో ఫొటో కూడా వచ్చింది. అది చూసి మనమంతా సంతోషించాం. కథ కంచికి, మనం ఇంటికి. కానీ చదువరులారా, ఆ మనిషి ఒంట్లో మిగిలిపోయిన వెట్టిని ఎవరు విడిపిస్తారని మనలో ఒక్కరైనా అడిగామా?

ఇప్పుడు బుగ్గమ్మ మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ వంటింట్లో పని చేస్తోంది. జీతం చేతికే వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ కూర తరుగుతుంటే కత్తి జారిపోతోంది, గ్లాసు పట్టుకుంటే పడిపోతోంది. హాస్టల్ నడిపే మంజూష అది గమనించి, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు కమలకుమారి గారు ఉచితంగా వైద్యం చేస్తారని విని, ఇక్కడికి పంపింది.

డాక్టరు గారు మెడకు ఎక్స్‌రే తీయించి చూశారు. ఏళ్ల తరబడి నెత్తిన ఇటుకలు మోసి మోసి మెడ ఎముకలు అరిగాయి. చేతికి వెళ్లే నరం వాటి మధ్య నలుగుతోంది. మందులు వాడి, మెడకు పట్టీ వేసుకుని, వ్యాయామం చేస్తే కోలుకుంటుంది. అశ్రద్ధ చేస్తే కుడి చెయ్యి పూర్తిగా పడిపోతుంది. ఇదంతా ఓపికగా చెప్పి, చివర్లో ధైర్యం కోసం ఆవిడ ఒక మాట కలిపారు.

"ఏం భయపడకు బుగ్గమ్మా. ఈ గోలీలు వేసుకో. నిన్ను మళ్లీ పనిలోకి దించే పూచీ నాది."

బుగ్గమ్మ గోలీలు బల్లమీద పెట్టి, దండం పెట్టి, బయటికి నడిచింది. కమలకుమారి గారికి కోపం వచ్చింది. ఫీజు అడగని వైద్యమంటే జనానికి లోకువ అని విసుక్కున్నారు.

ఫరీదాకు మనసొప్పలేదు. గోలీలు చేతపట్టుకుని వెనకే పరుగెత్తి, అమీర్‌పేట మెట్రో వంతెన కింద ఆమెను అందుకుంది. జర ఆగక్కా, ఎందుకు ఇడిసిపెట్టి వచ్చినవని అడిగింది. బుగ్గమ్మ మెల్లగా చెప్పింది. బట్టీ మేస్త్రి జేబులో ఎప్పుడూ ఎర్రగోలీలు ఉండేవట. జ్వరమొచ్చి ఎవరైనా పడుకుంటే నోట్లో ఒకటి వేసి, పనిలోకి దిగమనేవాడట. ఆమె మొగుడు పెంటయ్య నెత్తురు కక్కుకున్న రోజున కూడా అదే గోలీ ఇచ్చి పనిలోకి దించారు. అతను మట్టిగుంటలోనే ఒరిగిపోయాడు.

"మందు మనిషికియ్యరు చెల్లె," అంది బుగ్గమ్మ. "పనికిస్తరు."

ఆ మాట ఫరీదా ఉన్నదున్నట్టు తెచ్చి డాక్టరు గారికి అప్పజెప్పింది. కమలకుమారి గారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. ఎంత త్వరగా పనిలోకి పంపితే అంత మంచి డాక్టరని ఇన్నేళ్లూ అందరూ మెచ్చుకున్నారు, ఆవిడా నమ్మారు. "బానిసకు వేసే మందు యజమాని కోసం ఫరీదా. స్వతంత్రురాలికి వేసే మందు ఆమె కోసం. గోలీ ఒకటే కావచ్చు, ఎవరికోసమో మనం నోరు తెరిచి చెప్పాలి," అన్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ హాస్టల్ వంటింటికి వెళ్లారు. బుగ్గమ్మ పీట వేయబోతే వద్దని, తానే లాక్కుని కూర్చున్నారు. పని ఊసెత్తలేదు.

"ఈ చెయ్యి బాగైతే నీకేం చేయాలనుంది?"

పుట్టి బుద్ధెరిగాక బుగ్గమ్మను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆమె తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టింది.

"ఎల్లమ్మకు బోనం తీస్కపోవాలె డాక్టరమ్మా. పెండ్లైనకాడి నుంచి పోలే. వానలకు బట్టీ ఆగితే సేటు పొలంల దించెటోళ్లు."

బోనమంటే నెత్తిన పెట్టుకుని మోసే నైవేద్యపు కుండ అని డాక్టరు గారికి తెలుసు. ఇక ఈ జన్మలో నెత్తిన బరువు పెట్టకూడదని ఉన్నమాట చెప్పేశారు. బుగ్గమ్మ చిన్నబోలేదు.

"నెత్తి వాళ్లకు మోసింది సాలు. అమ్మకు చేతులతోని తీస్కపోత. చిన్న గురిగి కుండ పట్టేటట్టు నా చేతులు జెయ్యి."

అది బతిమాలడం కాదు. ఒక మనిషి తన ఒంటి కోసం తాను అడగడం. కమలకుమారి గారు సరేనన్నారు.

ఆ తర్వాత బుగ్గమ్మ వారం తప్పకుండా వచ్చింది. ప్రతి గోలీనీ ఇది దేనికని అడిగి గాని మింగలేదు. ఒకటి కడుపులో మంట పెడుతోంది, మార్చమంది. డాక్టరు గారు మార్చారు. మెత్తని బంతిని పిసుకుతూ కన్నీళ్లు కార్చిన రోజులున్నాయి. నొప్పి ఉందని బిగ్గరగా చెప్పిన రోజులూ ఉన్నాయి, అవే ఎక్కువ.

ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి కిటకిటలాడుతోంది. అందరి నెత్తుల మీదా బోనాలు ఊగుతుంటే, మెడకు పట్టీ వేసుకున్న బుగ్గమ్మ మాత్రం వేపమండలు కట్టిన చిన్న గురిగిని రెండు చేతులా పట్టుకుని వరుసలో నడుస్తోంది. బియ్యం, బెల్లం తనే ఏరి వండింది. కుడిచేతి వేళ్లు కొంచెం వణుకుతున్నా పట్టు సడలలేదు. గుడి బయట ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఫరీదా, పక్కనే డాక్టరు గారు, ఇద్దరూ గురిగి మీదినుంచి కన్ను తిప్పడం లేదు.

వరుసలో ఒక పెద్దావిడ నొసలు చిట్లించి, బోనం నెత్తిన పెట్టుకోవాలె గాని గిదేం పద్ధతి అని నిలదీసింది. బట్టీలో అయితే బుగ్గమ్మ తల దించుకునేది. ఈసారి ఆమె తల ఎత్తి, గురిగిని గుండెలకు దగ్గరగా తీసుకుంది.

"గీ ఒళ్లు ఇన్నేండ్లు ఇంకొకళ్లది అవ్వా. ఇప్పుడు నాది. ఎట్ల మొయ్యాల్నో నేనే చెప్త."