కింది రెండు లైన్లు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో నా చేతికి పేరుంది. ఇరవై రెండేళ్లుగా రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. మిర్చి బస్తా చూసి సరుకు ఏపాటిదో చెప్పడం నా పని. కొత్తగా వచ్చినవాళ్లు బస్తా మూతి విప్పి, పైనున్న కాయలు చూసి తలాడిస్తారు. నేను అట్లా కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి పైన ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు తీస్తాను. అనుమానం వస్తే బస్తా మొత్తం కింద కుమ్మరిస్తాను. నడుమ రంగు పోయిన తాలు కాయలు దాచి తెచ్చిన రైతు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. "పౌలన్న చెయ్యి పెడితే దాగది" అని యార్డులో అంటుంటే లోలోపల పొంగిపోయేవాణ్ని. ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోనన్న పొగరు కూడా ఉండేది. అంత చెయ్యి ఉన్నవాణ్ని నా భార్య విషయంలో ఏం చేశానో చెబుతాను.

కృపమ్మ ఖిలా వరంగల్‌లోని మా ఇంటి నుంచి రోజూ ఆటోలో కోల్డ్ స్టోరేజీకి పోయి మిర్చి తొడిమలు తీసేది. పదిహేనేళ్లు తీసింది. ఆ పని చేసే ఆడవాళ్లు దగ్గడం కొత్తేమీ కాదు కాబట్టి ఆమె దగ్గును ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు. క్రిస్మస్‌కు కుట్టించిన జాకెట్టు నెల తిరక్కుండానే వదులైంది. అప్పుడు మా బిడ్డ గ్రేస్ పట్టుబట్టింది. అది హసన్‌పర్తిలో డిగ్రీ చదువుతోంది. ఒకరోజు కాలేజీ మానేసి తల్లిని హన్మకొండలో దవాఖానకు తీసుకుపోయింది. ముందు ఎక్స్‌రే, తర్వాత స్కానింగ్. కుడి ఊపిరితిత్తి అడుగున కుంకుడుకాయంత గడ్డ ఉందన్నారు.

డాక్టర్ మానస చిన్న వయసు పిల్ల. స్కానింగ్ మిషన్లో గడ్డను చూసుకుంటూ వీపులోంచి సూది పంపి ముక్క తీస్తామని, దాన్ని పరీక్ష చేస్తేనే ఆ గడ్డ ఏమిటో తెలుస్తుందని ఓపిగ్గా చెప్పింది. సంతకం పెట్టించుకునే ముందు ఇంకొన్ని మాటలు చెప్పింది.

"లోపల రక్తం కారొచ్చు అంకుల్. సూది పోయిన దారిలో గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకోవచ్చు. అట్లయితే ట్యూబ్ వేస్తాం. ఇంకోటి, మేం తీసేది బియ్యపు గింజంత ముక్క. అమ్మ గడ్డ అడుగున ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా పైకీ కిందికీ జరుగుతది. సూది పక్కన పడితే అసలు జబ్బు ఆ ముక్కలో రాకపోవచ్చు. అప్పుడు మళ్లీ చేయాల్సి ఉంటది."

నేను ఊరుకుంటానా?

"గది నాకు చెప్పాల్నా మేడం? మాది గదే పని. ఒక్క పిడికెడు జూసి బస్తాకు రేటు కడితే మునుగుతం" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "అయితే మీకు మాకంటే బాగా తెలుసు అంకుల్" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెంప మీద కొట్టినట్టే ఉంటుంది.

నన్ను లోపలికి రానివ్వలేదు. జరిగిందంతా కృపమ్మే తర్వాత చెప్పింది. బోర్లా పడుకోబెట్టి వీపు మీద గుర్తు పెట్టారట. మత్తు సూది ఇచ్చారట. "ఊపిరి బిగబట్టమ్మా, కదలొద్దు" అన్నప్పుడల్లా బిగబట్టిందట. రెండుసార్లు బాగానే జరిగింది. మూడోసారి సూది లోపల ఉండగా గొంతులో గరగర మొదలైంది. పళ్లు బిగించింది, మంచం అంచు పట్టుకుంది, అయినా ఆగలేదు. దగ్గేసింది. వాళ్లు వెంటనే సూది తీసేశారు. అప్పటికి రెండు చిన్న ముక్కలే వచ్చాయి. గాలి లీకవడం స్కానింగ్‌లో కనబడింది కాబట్టి ఆ రోజుకు మళ్లీ పెట్టడానికి సాహసించలేదు.

పక్కటెముకల మధ్య ట్యూబ్ వేసి, దాని కొసను మంచం కింద నీళ్ల సీసాలో ఉంచారు. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు వచ్చేవి. మూడు రోజులు ఆ బుడగల్ని చూస్తూ కూర్చున్నాను. నొప్పికి ఆమె పక్క కూడా తిరగలేకపోయింది.

"నేనే ఆగం జేసిన. జరసేపు ఓర్సుకుంటే అయిపోతుండె" అని ఏడ్చింది.

"నీ తప్పేముందే" అన్నాను. ఆ రోజుల్లో నా నోట్లోంచి వచ్చిన మంచి మాట అదొక్కటే.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. అప్పటికి మార్కెట్ నిండా మిర్చి. మా దుకాణం సేటు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. కౌంటర్లో కాగితం తీసుకుని, డాక్టర్ గది ముందు జనాన్ని చూసి, రేపు వద్దామనుకుని ఇంటికి వచ్చేశాను. నాకు ఇంగ్లిష్ రాదు. గ్రేస్ చదివింది.

"క్యాన్సర్ కణాలు కనిపించలేదు, వాపు మాత్రమే ఉంది అని రాసిన్రు."

కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను అక్కడికక్కడే మోకాళ్ల మీద పడ్డాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని అట్లా ఏడ్చింది లేదు.

"డాడీ, కింద ఇంకో రెండు లైన్లు ఉన్నయ్" అంది గ్రేస్.

"ఏమున్నది?"

"ముక్క సరిపోయేంత రాలేదట. స్కానింగ్‌ల కనవడ్డదానికి ఈ రిజల్ట్ కలుస్త లేదు, మళ్ల తీసి చూడాలె అని ఉన్నది."

కృపమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆమె చెయ్యి ట్యూబ్ వేసిన చోటికి పోయింది. అది చూసి గ్రేస్ చేతిలోంచి కాగితం లాక్కున్నాను.

"గవి అందరికీ రాస్తరు బిడ్డా. మళ్ల మళ్ల రప్పిచ్చుకునుడే వాళ్ల పని" అన్నాను. కాగితం మడిచి బైబిల్లో పెట్టేశాను.

అది నిజం కాదని నాకు తెలుసు. దాచుకోవడం దేనికి? పైన పిడికెడు ఎర్రగా కనబడింది, నడుమ చెయ్యి పెట్టడానికి భయమేసింది. యార్డులో ఎవడైనా అట్లా చేస్తే వాణ్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ని.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు ఆదివారం నాడు లేచి సాక్ష్యం చెబుతారు. ఆరాధనకు ముందు పాస్టర్ అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "డాక్టర్లు మళ్ల రమ్మన్నరా పౌలూ?" అని అడిగారు. మంచి మనిషి, ఆలోచించే అడిగారు. "లేదయ్యగారూ, అంత సాఫ్ అన్నరు" అన్నాను. ఆ తర్వాత నిలబడి గొంతెత్తి చెప్పాను. డాక్టర్లు సూది పెట్టి వెతికారని, దేవుడు వాళ్లకంటే ముందే వచ్చి ఆ గడ్డలోని చెడును తీసేశాడని చెప్పాను. చర్చి మొత్తం హల్లెలూయ అంది. నా ఒళ్లు పులకరించింది. కృపమ్మ ఆడవాళ్ల వరసలో తల వంచుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం అందరికీ బగారన్నం, కోడికూర పెట్టాం. సారలమ్మ అనే ముసలామె తినడం ఆపి నా చేతులు పట్టుకుంది. "నా గొంతుల గడ్డకు గూడ సూది పెడ్తమన్నరు బిడ్డా. నీ సాక్ష్యం ఇన్నంక నాకు ధైర్నమొచ్చింది. ఇగ నేను దవాఖానకు పోను, ప్రార్థననే చేసుకుంట" అంది. నేను కాదనలేదు. ఇంకో గరిటె కూర వేశాను.

డాక్టర్ మానస మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి, "అంకుల్, కనబడలేదని రాసిన్రు, లేదని రాయలేదు. అమ్మను తీసుకురండి. ఇంకో పద్ధతి చూద్దాం" అంది. వస్తామన్నాను. రెండోసారి సీజన్ అయిపోనియ్యమన్నాను. మూడోసారి ఫోన్ ఎత్తలేదు. సూది భయం కృపమ్మది అని ఇంట్లో అనేవాణ్ని. కానీ భయం నాది. మళ్లీ పరీక్షకు పోతే చర్చిలో ఎవరో ఒకరికి తెలుస్తుంది. అప్పుడు నా సాక్ష్యం ఏం కావాలి? గ్రేస్ ఒకటి రెండుసార్లు ఆ కాగితం సంగతి ఎత్తింది. కసిరాను. తర్వాత అది నాతో మాట్లాడడమే తగ్గించింది.

కృపమ్మ ఇంట్లో దగ్గడం మానేసింది. తగ్గిందనుకున్నాను. ఎప్పుడు చూసినా బుగ్గన లవంగం ఉండేది. చర్చిలో ముందు వరస వదిలేసి తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఇవన్నీ నా కంటికి కనబడ్డాయి. కనబడ్డవాటిని కలిపి చూసుకోలేదు, అంతే.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పాట మధ్యలో ఆమె లేచి బయటికి పోయింది. ఎందుకో మనసాగక నేనూ వెళ్లాను. చర్చి వెనక గోడకు తల ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. చప్పుడు బయటికి రాకుండా దగ్గుతోంది. కొంగు తీస్తే దాని మీద రక్తం.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

"నెల దాటింది."

"నాకెందుకు చెప్పలేదే?"

ఆమె మూతి తుడుచుకుంది. "నువ్వు అందరి ముంగట నిలవడి చెప్తివి గదయ్యా. నేను దగ్గితే నీ మాట ఏం గావాలె?"

లోపల పాట ఇంకా నడుస్తోంది. నేను గోడ పక్కన కూలబడ్డాను. నడిరోడ్డు మీద కూర్చుని గుండెలు బాదుకోవాలనిపించింది. చివరికి ఆమే నా భుజం పట్టి లేపింది.

మర్నాడే దవాఖానకు పోయాం. ఈసారి ఊపిరి బిగబట్టే పని లేకపోయింది. జబ్బు మెడ కింద ఒక గడ్డగా పైకి తేలింది. మామూలు స్కానింగ్‌లో చూస్తూ అయిదు నిమిషాల్లో ముక్క తీశారు. సూది సరిగ్గా గడ్డలోనే పడింది. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, దాంట్లో సందేహానికి చోటే లేదు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, మందులతో ఎన్నాళ్లు ఆపగలిగితే అన్నాళ్లు ఆపుతామని డాక్టర్ మానస చెప్పింది.

కృపమ్మ బయట బెంచీ మీద ఉండగా అడిగాను. "అప్పుడే తీసుకొస్తే బతుకుతుండెనా మేడం?"

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పలేను అంకుల్. మళ్లీ పెట్టినా సూది తప్పేదేమో. అప్పటికే పాకి ఉండేదేమో. కానీ వస్తే మాత్రం వెతికేవాళ్లం" అంది.

యార్డులో రేటు తప్పితే తప్పిందని తెలిసిపోతుంది. ఇక్కడ నా తప్పు ఎంతో కూడా నాకు ఎప్పటికీ తెలియదు. ఇంత చిన్నదని ఊరట పడలేను, ఇంత పెద్దదని శిక్ష వేసుకోలేను.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో కృపమ్మ అంది. "ఆదివారం నువ్వు మళ్ల నిలవడాలె."

"నిలవడి ఏం చెప్పాలె? అబద్ధం ఆడిన అని చెప్పాల్నా? తల ఎట్ల ఎత్తుకోవాలె?"

"నీ తల సంగతి నాకెందుకు? సారలమ్మ పెద్దమ్మ ఇంక సూదికి పోనే లేదు. మొన్న నీళ్లు మింగుతుంటే అడ్డం పడ్తాంది అన్నది." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "ఆ కాగితంల ఏమున్నదో మొత్తం చదువు. నా కోసం చదువు."

గ్రేస్ ఆ రెండు లైన్లను తెలుగు చేసి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. దాన్ని నా చేతికిస్తూ మూడు నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూసింది.

ఆదివారం లేచి నిలబడ్డాను. నేను లేవగానే ఒకరిద్దరు ముందే హల్లెలూయ అన్నారు. కాగితం విప్పాను. వేల బస్తాల్లో దూర్చిన చేత్తోనే దాన్ని ఎత్తి పట్టుకున్నాను.

"నేను ఫిబ్రవరిల చెప్పిన సాక్ష్యం అబద్ధం. దేవుడు అబద్ధమాడలేదు, డాక్టర్లు ఆడలేదు, నేనే ఆడిన" అన్నాను. తర్వాత చదివాను. "తీసిన ముక్క చాలినంత లేదు. స్కానింగ్‌తో ఈ ఫలితం సరిపోవడం లేదు, మళ్లీ తీసి పరీక్షించాలి." కాగితం దించాను. "ఇది ఆనాడే రాసి ఉన్నది. నేను బైబిల్ల దాచిన. నా కృపమ్మకు ఇప్పుడు ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. సారలమ్మ పెద్దమ్మా, నువ్వు రేపే దవాఖానకు పోవాలె. నేనే తోల్కపోత. ఒక్కపారి ఏం లేదన్నా మళ్ల అడుగుదాం."

పాస్టర్ అయ్యగారు కళ్లజోడు తీసి పట్టుకుని నిలబడ్డారు. సారలమ్మ గొంతు మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తోంది.

అప్పుడు తలుపు దగ్గరి నుంచి కృపమ్మ ఒక్కతే "ఆమెన్" అంది. అన్నాక దగ్గు వచ్చింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నా ఈసారి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు.