సినిమా అయిపోయాక

జోసీ ఎడమ కాలికి బూటు ఎక్కడం లేదు. కార్లీన్ మెట్టు మీద గొంతుక్కూర్చుని, కూతురి మడమను అరచేత్తో పట్టుకుని, రెండో చేత్తో బూటును పైకి లాగింది. లోపల ఊలు మేజోడు మడతపడి అడ్డొస్తోంది. ఊడదీసి, మేజోడు సాపు చేసి, మళ్ళీ తొడిగింది. ఈరీ సరస్సు మీంచి వచ్చిన మంచు రాత్రంతా కురిసి, వీధిలోని కార్లన్నిటినీ తెల్లటి దిబ్బలు చేసి పెట్టింది.

"ఎక్కడికీ వెళ్ళకండి. చిన్న విరామం తర్వాత మళ్ళీ వచ్చేస్తాం," అంది జోసీ, బూటు తొడిగిన కాలిని నేలకేసి తడుతూ.

నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లోంచి బయటికి వెళ్ళినా, బాత్రూములోకి వెళ్ళినా అదే మాట. మొదట్లో కార్లీన్ నవ్వేది. కిందటి వారం కొట్లో ఈ పిల్ల రంగురంగుల అటుకుల డబ్బా ముందు ఆగిపోయి, దాని ప్రకటన పాట మొత్తం ఒక్క తప్పు లేకుండా పాడింది. తాముండే వీధి పేరడిగితే మాత్రం చెప్పలేదు. అప్పటినుంచి కార్లీన్‌కి నవ్వు రావడం మానేసింది.

పక్కింటి మేడ మీద వాటాలో వెర్నా ఉంటుంది. బడి వంటగదిలో ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తి దించిన మనిషి. ఇప్పుడా భుజాలు కిందికి జారాయి, పాదాలు పొంగిన రొట్టెల్లా చెప్పుల అంచులు దాటి బయటికొచ్చాయి. కార్లీన్ పనిలో ఉన్నంతసేపూ జోసీని ఆవిడే చూసుకుంటుంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఆవిడని మర్యాదగా 'మిస్ వెర్నా' అంటారు. బదులుగా కార్లీన్ ప్రతి శనివారం ఆవిడ దుప్పట్లు ఉతికి, మర్నాడు చర్చికి వెళ్ళేలోగా జుట్టు దువ్వి జడలల్లి పెడుతుంది. ఇంకెవరికైనా పిల్లనప్పగించాలంటే కార్లీన్ జీతంలో సగం వాళ్ళకే పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

తలుపు తియ్యకముందే లోపలి టీవీ మెట్ల మీదికి వినిపిస్తోంది.

"వచ్చిందా మహారాణి," అంది వెర్నా. వాలుకుర్చీలోంచి లేవలేదు. "రా తల్లీ, ఆ మంచంతా గుమ్మంలోనే దులుపుకో."

కార్లీన్ పిల్ల కోటు గుండీలు విప్పుతూనే విషయం ఎత్తింది. రాత్రి పక్క మీద పడుకుని వరసపెట్టుకున్న మాటలవి.

"మిస్ వెర్నా, ఇవాళ్టినుంచి ఒక్క సినిమానే. అంతకుమించి వద్దు."

"ఓహో! ఎవరి హుకుం? మీ హోటలు మేనేజరుదా?"

"నాదే. దాని తల్లిని."

"తల్లివి సరే. ఇల్లు నాది, ఆ పెట్టె నాది. అది మోగకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఆయన పోయిన దగ్గర్నుంచీ అదే నాకు మొగుడు. ఆయనకంటే నయం, ఎదురు చెప్పదు."

కార్లీన్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అది పడుకున్నాక మీరెంతసేపైనా చూసుకోండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని టీవీ ముందు కూచోబెట్టొద్దు. ఆ కోర్టు తగాదాలూ, పిల్లకి తండ్రెవరో తేల్చే పరీక్షలూ, మొగుడూ పెళ్ళాలూ కుర్చీలు విసురుకోవడాలూ. నిన్న నన్నేమడిగిందో తెలుసా? 'అమ్మా, నాన్నకి రక్తపరీక్ష చేయించావా' అని."

వెర్నా పొట్ట ఊగేలా నవ్వింది. "చేయించావా మరి?"

"మిస్ వెర్నా!"

"సర్లే, సర్లే. అయినా నువ్వు టీవీ ముందు పెరగలా? నీకేం తక్కువైందమ్మా?"

"ఊళ్ళోవాళ్ళ పక్కలు దులుపుతున్నా. అదీ తక్కువైంది."

వెర్నా నవ్వు ఆగింది. టీవీ శబ్దం కాస్త తగ్గించింది.

కార్లీన్‌కి టీవీ మీద పగ లేదు. ఆమె తల్లి ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో రాత్రి పని చేసేది. టీవీ పెట్టి, బయట తాళం వేసి వెళ్ళేది. ఆరేళ్ళప్పుడు కార్లీన్ ఒక సినిమా చూసింది. అందులో ఇల్లు తగలబడుతుంటే తాళం వేసిన తలుపుని ఒక పాప లోపల్నుంచి బాదుతూ ఉంటుంది. ఆ రాత్రంతా కార్లీన్ కోటూ బూట్లూ తొడుక్కుని తలుపు పక్కనే కూర్చుంది. తెల్లారి తల్లి వచ్చి, "ఈ వేషమేమిటే" అంది. కార్లీన్ చెప్పలేకపోయింది. తల్లి అలసిపోయి ఉంది, రెండోసారి అడగలేదు. "అది నిజం కాదే" అనే మనిషి ఒకరు ఆ పూట పక్కనుంటే చాలేది. ఆ సినిమా పేరేమిటో కూడా ఆమెకిప్పుడు గుర్తులేదు. ఈనాటికీ తలుపుకి లోపల్నుంచి గడియ వేసి పడుకోలేదు.

"ఒక్కటే," అంది వెర్నా చివరికి. "భోంచేశాక. కానీ ఇంకోటి కావాలని ఇది రాగం తీసిందంటే ఆపడం నా వల్ల కాదు, ముందే చెప్తున్నా."

వెర్నా ఆపదని కార్లీన్‌కి తెలుసు. మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడ కుర్చీలో నోరు తెరుచుకుని గుర్రు పెడుతుంది. పెట్టె దాని పాటికది మోగుతూనే ఉంటుంది. అందుకని కార్లీన్ ఆ పని పిల్లకే అప్పగించింది. దాని ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"సినిమా అయిపోయి పేర్లు వస్తాయి చూడు, అప్పుడు టీవీ ఎవరు కట్టేస్తారు?"

"నేను."

"మళ్ళీ ఎవరు పెడతారు?"

"ఎవ్వరూ పెట్టరు. అమ్మ వచ్చేదాకా."

"మిస్ వెర్నా నిద్రపోతుంటే?"

"లేపను."

"లేపకూడదు. ఆవిడకి కాళ్ళ నొప్పులు. బుద్ధిగా కూచుని బొమ్మలేసుకో."

"మిలటరీలో చేర్చు దాన్ని," అంది వెర్నా. కార్లీన్ వెళ్ళబోతుంటే వెనకనుంచి పిలిచింది. "ఏయ్ పిల్లా! మఫ్లరు చుట్టుకుని పో. నువ్వు పడితే ఇద్దర్ని చూడ్డం నా వల్ల కాదు."

హోటల్లో కార్లీన్ పని ఒక వరసలో సాగుతుంది. కర్టెన్లు లాగడం, పక్క ఊడదీయడం, కొత్త దుప్పటి ఒక్క విసురుతో పరిచి నాలుగు మూలలూ పరుపు కిందికి దోపడం, స్నానాల తొట్టిలో ఎవరివో వెంట్రుకలు ఏరడం, అద్దం తుడవడం. బ్లీచింగు నీళ్ళకి ఆమె వేళ్ళ కణుపులు పగిలి, శీతాకాలమంతా సన్నటి ఎర్రగీతలతో ఉంటాయి. అన్నీ అయ్యాక ఆఖరి పని టీవీ పెట్టడం. హోటలు సొంత ఛానెల్లో సరస్సు బొమ్మ, చిన్నగా సంగీతం వస్తూ ఉండాలి. చప్పుడు లేని గదిలోకి అడుగుపెట్టడం ఎవరికీ నచ్చదట, సూపర్‌వైజరు చెప్పింది. కార్లీన్ ఒక్కో గదిలోనూ టీవీ పెట్టి, తలుపు మూసి, బండి తోసుకుంటూ పోతుంది.

ఒక గదిలోవాళ్ళు తువ్వాళ్ళు కావాలన్నారు. తలుపు సగం తెరిచి ఉంది. మంచం మీద ఒక తండ్రి, ఆయనకి రెండు పక్కలా ఇద్దరు పిల్లలు, ఎదురుగా బొమ్మల సినిమా. బొమ్మ తోడేలు గోడ దూకబోయింది. చిన్నవాడు తండ్రి చంకలో మొహం దాచుకున్నాడు. "ఏం కాదురా, చూడు చూడు, ఇప్పుడు బురదలో పడుతుంది," అన్నాడు తండ్రి. తోడేలు పడింది. ముగ్గురూ పగలబడి నవ్వారు. కార్లీన్ తువ్వాళ్ళు పట్టుకుని అవసరమైనదానికంటే కాసేపు ఎక్కువే నిలబడింది. అందులో ఆమె మెచ్చుకున్నదీ, ఆమెకి ఒళ్ళు మండినదీ ఒక్కటే. ఆ మనిషికి పట్టపగలు మంచం మీద కూచునే తీరిక ఉంది.

విశ్రాంతి వేళ మెట్ల కింద నుంచుని వెర్నాకి ఫోన్ చేసింది.

"నీ కూతురు నన్ను రిమోట్ ముట్టుకోనివ్వడం లేదు," అంది వెర్నా. గొంతు నీరసంగా ఉంది. "సినిమా ఇప్పుడే పెట్టింది. అయ్యాక తనే కట్టేస్తుందట. నాకు చదివి వినిపించింది చట్టమంతా."

"మంచిదేగా."

"ఏం మంచో. పొద్దున్నుంచి ఒళ్ళంతా బరువుగా ఉందమ్మా. ఛాతీలో మంట, పులితేన్పులు."

అలిగిందనుకుంది కార్లీన్. టీవీ మాట నెగ్గనివ్వనందుకు సాధింపు. "కాస్త సోడా తాగి పడుకోండి," అంది. "అదేం అల్లరి చెయ్యదు."

"చెయ్యదులే," అంది వెర్నా. "అది నాకంటే పెద్దది."

సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వెర్నా కింది వాటాలో ఉండే డ్విట్ పారతో మెట్ల మీద మంచు తోస్తున్నాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. రోజూ మధ్యాహ్నం వెర్నా ఉత్తరాలు పైకి తీసుకెళ్ళి ఇచ్చి, ఆవిడ చేతి కాఫీ తాగి, ఇద్దరూ కాసేపు దెబ్బలాడుకుని దిగిపోతాడు.

"ఏం మంత్రం వేశావమ్మా మా ముసలిదానికి?" అన్నాడు. "మధ్యాహ్నం ఉత్తరాలతో పైకెళ్ళి చూస్తే చీమ చిటుక్కుమనడం లేదు. పడుకున్నారేమోనని తలుపు తట్టకుండానే దిగొచ్చేశా. రోజూ అయితే ఆ టీవీ గోలలో వినపడాలంటే తలుపు బద్దలుకొట్టాలి."

కార్లీన్ మొహంలోకి నవ్వొచ్చింది. మెట్లెక్కి తలుపు దగ్గర ఆగి చెవి పెట్టింది. నిజంగానే ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్ళకి తన మాట ఒకటి చెల్లింది. తన దగ్గరున్న తాళంచెవితో మెల్లిగా తీసింది.

గదిలో దీపం వెయ్యలేదు. కిటికీలోంచి మంచు వెలుగు నీలంగా పడుతోంది. నల్లటి టీవీకి ఎదురుగా తివాచీ మీద జోసీ నిటారుగా కూర్చుని ఉంది. చుట్టూ బొమ్మలేసిన కాగితాలు. తల్లిని చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్. మిస్ వెర్నా ఇంకా పడుకునే ఉంది. నేను లేపలేదు."

వెర్నా వాలుకుర్చీలో తల ఒక పక్కకి వాల్చి ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది, ఎప్పటిలాగే. గుర్రు లేదు. కార్లీన్ బూట్లతోనే తివాచీ తొక్కుకుంటూ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కిటికీ చువ్వలా చల్లగా ఉంది. అటూ ఇటూ కదిపింది. కదిపినంతే కదిలింది.

"అమ్మా, నేనే కట్టేశా," అంటోంది వెనకనుంచి జోసీ. "పేర్లు వచ్చినప్పుడు. మళ్ళీ పెట్టలేదు. ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆకలేసింది, అయినా లేపలేదు."

అంబులెన్సువాళ్ళు వచ్చారు. చేసేదేమీ లేదని తొందరగానే తేల్చారు. మధ్యాహ్నమే పోయి ఉంటుందన్నారు, ఎప్పుడన్నది చెప్పలేమన్నారు. డ్విట్ టోపీ రెండు చేతుల్లోనూ నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"తట్టి ఉండాల్సింది," అన్నాడు. ఎవరితోనూ కాదు. "లోపల మోగుతుంటే తట్టేవాణ్ణి. ఎప్పుడూ తట్టేవాణ్ణి. అప్పటికింకా ప్రాణముందేమో, ఎవరు చెప్పొచ్చారు?"

అతని మాటలో నింద లేదు. ఉంటే బాగుండేదనిపించింది కార్లీన్‌కి. ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేది. రేపు పొద్దున పిల్లనెక్కడ దింపాలి అన్న ఆలోచన ఆ నిమిషంలోనే వచ్చింది. ఆవిడింకా కుర్చీలోనే ఉండగా వచ్చింది. ఆ ఆలోచన చేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అది పోలేదు.

జోసీ వచ్చి తల్లి యూనిఫారం అంచు లాగింది.

"నేను మంచిగా చేశానా?"

గదిలో అందరూ ఆగారు. స్ట్రెచరు పట్టీలు బిగిస్తున్న అంబులెన్సు కుర్రాడు కూడా చేతులు ఆపాడు. కార్లీన్ కిందికి వంగి, పిల్ల మొహం మీది వెంట్రుకలు పక్కకి తోసింది.

"మంచిగా చేశావు," అంది. "చెప్పినట్టే చేశావు."

వెర్నాని కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. మెట్ల మలుపు దగ్గర స్ట్రెచరు ఏటవాలుగా తిప్పాల్సొచ్చింది. డ్విట్ ముందు నడుస్తూ "మెల్లిగా, మెల్లిగా" అంటూనే ఉన్నాడు. మళ్ళీ ఆయాసపడుతూ పైకొచ్చి కుర్చీ చుట్టూ వెతికాడు, దిండు ఎత్తి చూశాడు.

"కళ్ళద్దాలేవి? అవి లేకుండా ఆవిడ వాకిలి కూడా దాటదు."

"నేనే తీసేశా," అంది జోసీ. "టీవీ అయిపోయింది కదా. ఇంక చూడ్డానికేం లేదని."

టీవీ పైన, గదివైపు తిప్పి, కాళ్ళు జాగ్రత్తగా మడిచి పెట్టి ఉన్నాయవి, ఒక అద్దం నిండా చిన్న బొటనవేలి ముద్ర.