గూటికో గడియారం

ఖమ్మం పావురాల క్లబ్బులో ఏళ్ళ తరబడి ఒక అన్యాయం నడిచింది. దాన్ని అందరూ రూలు అన్నారు.

ఆ రూలు ఏమిటో చెబుతాను. చలికాలంలో పందెం పావురాలన్నిటినీ బుట్టల్లో పెట్టి వ్యానులో భద్రాచలం తీసుకుపోతారు. తెల్లవారగానే గోదావరి ఒడ్డున వదిలేస్తారు. అవి డేగల్ని తప్పించుకుంటూ అడవి మీదుగా ఎగిరి, ఎవరి గూటికి అవి చేరతాయి. గూడు ఎంత దూరం, ఎంతసేపట్లో వచ్చింది అని లెక్కేసి, వేగం ఎక్కువున్న పిట్టకు కప్పు. ఇంతవరకు బాగానే ఉంది.

మరి వచ్చిన టైము ఎవరు చెప్పాలి? పందెం గడియారమని విదేశాల నుంచి వచ్చేది ఒకటుంది. క్లబ్బు మొత్తానికి అది ఒక్కటే, ప్రెసిడెంటు వెంకటరామారావు గారి మేడ మీద. మిగతావాళ్ళు ఇంట్లో దిగిన పిట్టను పట్టుకుని, కాలికున్న రబ్బరు రింగు ఊడబీకి, బండెక్కి ఆ మేడకు ఉరకాలి. రింగు గడియారంలో పడ్డప్పుడే పిట్ట వచ్చినట్టు లెక్క. రావు గారు చెయ్యి చాపితే చాలు. మిక్సీలకూ ఫ్యాన్లకూ వైండింగ్ చేసుకునే మహబూబ్ అలీ సగం ఊరు దాటాలి. ఆటో నడిపే హాతీరాం ఊరి బయట తండా నుంచి రావాలి, దారిలో రైల్వే గేటు.

మహబూబ్ అలీ దగ్గర సుర్మా అనే ఆడ పావురం ఉండేది. ఒక్కసారైనా దానికి కప్పు రావాలని ఆయన ఆశ. ఆ ఏడాది పందెం నాడు కూడా ఉత్త చేతులతో ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సుర్మా అందరికన్నా ముందొచ్చింది బేటీ. పిట్ట తప్పు లేదు. మార్కెట్ కాడ మిర్చి లారీలు అడ్డం పడ్డయ్."

కూతురు మహీన్ నవ్వలేదు. "ఎప్పుడూ గదే చెప్తవ్ అబ్బా. ఓసారి లారీలు, ఓసారి బర్రెలు, ఓసారి పెళ్ళి బరాత్."

"అయితే ఏం జెయ్యమంటవ్? నేను గూడ ఎగరాల్నా?"

"నువ్వు ఉరుకుడు బంద్ చెయ్యి. గడియారమే మనింటికి వస్తది."

మహీన్ మొబైల్ రిపేరు షాపులో పని చేస్తుంది. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు ఒకటి చవకగా తెప్పించుకుంది. దానికి తెర ఉండదు, పెట్టె ఉండదు. ఏం కావాలన్నా మనమే తగిలించుకోవాలి. దాంతో ముందు మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయేట్టు చేసింది. తర్వాత నానమ్మ అక్బరీ బేగం ఇష్టపడే పాత ఖవ్వాలీలన్నీ ఎక్కించి రేడియోలా మోగించింది. ఇప్పుడు దాన్ని ఊడబీకి పావురాల గూటికి తెచ్చింది. నానమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

సుర్మా కాలికి చిప్పున్న రింగు తొడిగింది. బోర్డుకు టైము చూపే చిన్న తెర తగిలించి, గూటి గుమ్మంలో ఒక పలక పెట్టింది. పిట్ట ఆ పలక మీద కాలు పెడితే చాలు, బోర్డు టైము రాసుకుంటుంది. ఉరకడాలు లేవు, రింగు ఊడబీకడాలు లేవు.

క్లబ్బు ఊరికే ఒప్పుకోలేదు. రావు గారి మేడ మీద, ఆ విదేశీ గడియారం పక్కనే పెట్టి చూడాలన్నారు. పెట్టారు. పొద్దంతా రెండూ ఒకే టైము చెప్పాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి మహీన్ గడియారం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడవడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా మహీన్, నీ గడియారం భోంచేసి కునుకు తీసినట్టుందే!" అన్నారు రావు గారు. మేడంతా నవ్వింది.

మహీన్ ముఖం కందిపోయింది. సెల్లులు బాగుచేసే మనిషి కదా, ఆఫ్ చేసినా సెల్లులో టైము లోపల నడుస్తూనే ఉంటుంది. బోర్డు కూడా అంతేననుకుంది. కాదు. ఇది నెట్టు ఉంటే టైము అడిగి తెలుసుకుంటుంది, ఆ మేడ మీద నెట్టు లేదు. తప్పు దొరికింది గనుక మందు కూడా దొరికింది. గుండీ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం చిప్పు ఒకటి బోర్డుకు అతికించింది. ఇక కరెంటు ఉన్నా పోయినా టైము నడుస్తుంది. ఆమె మాట మీద క్లబ్బు సరేనంది.

అంతటితో ఆగి, తండ్రి గూటికి మాత్రం పెట్టుకుని ఉంటే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు. గడియారం లేని ప్రతి గూటికీ ఒకటి చేసింది మహీన్. తండాకు పోయి హాతీరాం గూటికి తన చేతులతోనే బిగించి వచ్చింది.

"వాని పిట్ట గట్టిది బేటీ, మనకే పోటీ అయితది," అని గొణిగాడు మహబూబ్ అలీ.

"కానియ్యి. పోటీ అంటే గదే గద."

మరుసటి చలికాలం పందెం జరిగింది. ఎవరూ బండ్ల మీద ఉరకలేదు. సాయంత్రం బోర్డులన్నీ రావు గారి హాల్లో బల్ల మీద పెట్టి లెక్కలేశారు. హాతీరాం పిట్ట మొదటిది. సుర్మా రెండోది. రావు గారిది మూడోది.

రావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తండాలో పొద్దున కరెంటు పోయిందటగా హాతీరాం?"

"అవ్ సార్. పోయింది. పోతే ఆటో బ్యాటరీకి తగిలించిన."

"అంటే గడియారం ఆగి మళ్ళీ మొదలైంది. నా మేడ మీద అందరం చూశాంగా ఆ తంతు. ఈ టైము లెక్కలోకి రాదు."

"నా పిట్టకు కరెంటుతోని ఏం పని సార్? గది రెక్కలతోనే వచ్చింది."

కొందరు నవ్వారు, కొందరు గొడవకు లేచారు. రావు గారు చెయ్యెత్తి ఆపి, మహబూబ్ అలీ వైపు తిరిగారు. "హాతీరాం టైము కొట్టేస్తే కప్పు నీదే మహబూబ్. ఇన్నేళ్ళ నుంచి అడుగుతున్నావు. ఊఁ అను, ఇప్పుడే ఇచ్చేస్తా."

మహీన్ నోరు తెరవబోయి ఆగిపోయింది. ఆ మాట చెప్పాల్సింది తండ్రి. ఆయన బల్ల మీది కప్పు వైపు చూశాడు. సుర్మా పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆయన కలల్లోకి వచ్చిన కప్పు అది.

"రావు సాబ్, హాతీరాం గడియారం తప్పయితే నా గడియారం గూడ తప్పే. రెండూ నా బిడ్డే చేసింది. నా బిడ్డ పని తప్పని ఒప్పుకొని కప్పు ఇంటికి పట్కపోతే, దాన్ని ఏ మొఖంతోని ఇంట్ల పెట్టుకోవాలె?"

"మరి ఎలాగయ్యా నమ్మేది?"

"నమ్ముడెందుకు? పరీక్ష వెట్టున్రి."

మహీన్ ముందుకొచ్చి హాతీరాం బోర్డును విదేశీ గడియారం పక్కన పెట్టి వైరు పీకేసింది. చాయ్ వచ్చింది. తాగారు. ఖాళీ గ్లాసులు తీసేశాక వైరు మళ్ళీ పెట్టింది. రావు గారే వంగి, రెండింటినీ మార్చి మార్చి చూశారు.

రావు గారు చెడ్డ మనిషి కాదు. ఆయనకు ఎన్నడూ ఉరికే అవసరం రాలేదు, అంతే.

"రెండూ ఒకటే చూపిస్తున్నాయి," అన్నారు చివరికి. "రా హాతీరాం, కప్పు తీసుకో."

హాతీరాం కప్పు తీసుకుని ముందు మహీన్ చేతుల్లో పెట్టాడు. పట్టుకున్నందుకే ఆమెకు కళ్ళు తడిశాయి. వెంటనే తిరిగి ఇచ్చేసి వైర్లు చుట్టుకోసాగింది.

మర్నాడు మహబూబ్ అలీ షాపు తెరవలేదు. చాయ్ హోటల్లో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ పందెం సంగతి చెప్పాడు. ఓ పాత దోస్తు తట్టుకోలేక అడిగాడు.

"రెండో నంబర్ వచ్చినందుకు గింత ఫోజా భాయ్?"

"ఇన్నేండ్లు మొదటి నంబర్ నేనే అని నాకు నేనే చెప్పుకున్న. ఒక్కడు నమ్మలే," అన్నాడు మహబూబ్ అలీ. "నిన్న రెండో నంబరని గడియారం చెప్పింది, క్లబ్బంత ఒప్పుకున్నది. గా గడియారం ఎవలు చేసిన్రో అడుగు. అడుగు మరి!"